మూడు గెలుపులు, పన్నెండు పాయింట్ల లోటు: మిషెల్ మూతోన్ కేసు

1982 వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్ డ్రైవర్ల పట్టికలో మొదటి పేరు జర్మనీకి చెందిన వాల్టర్ రోర్ల్, 109 పాయింట్లు. రెండో పేరు ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ మూతోన్, 97 పాయింట్లు. ఆ ఏడాది రోర్ల్ గెలిచిన ర్యాలీలు రెండు. మూతోన్ గెలిచినవి మూడు.

నేను ర్యాలీ నావిగేటర్‌ని; డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని దారి చెప్పడం నా పని. కొత్తగా ఈ సీట్లోకి వచ్చేవాళ్లకు పేస్ నోట్స్ (రాబోయే మలుపుల గురించి ముందే రాసుకునే గుర్తులు) రాయడం, చదవడం నేర్పుతుంటాను. రెక్కీ (పోటీకి ముందు దారి చూసుకోవడం), టైమ్ కార్డు, ట్రిప్ మీటర్ (వెళ్లిన దూరం చూపే మీటర్) లాంటివన్నీ అయ్యాక ఈ కేసు తీస్తాను. మూతోన్ గురించి ఎవరు చెప్పినా దాదాపు ఒకేలా చెబుతారు: మెరుపు వేగం, మగవాళ్ల ఆట, అసలైన ర్యాలీ ముందు తండ్రి మరణం, చేజారిన టైటిల్. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కాకపోతే టైటిల్ ఎక్కడ జారిందో తెలుసుకోవాలంటే పాయింట్ల కాగితం ముందేసుకుని కూర్చోవాలి. ఆ పని చేసేవాళ్లు తక్కువ.

ముందు సంగతి

దక్షిణ ఫ్రాన్స్‌లో గ్రాస్ అని అత్తర్లకు పేరున్న ఊరు ఉంది. అక్కడ గులాబీలు, జాజులు పండించే ఇంట్లో 1951 జూన్ 23న మూతోన్ పుట్టింది. పద్నాలుగేళ్లకే ఇంట్లోని సిత్రోయెన్ 2సీవీ స్టీరింగ్ పట్టింది. లా చదువు మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. ర్యాలీల్లోకి మాత్రం డ్రైవర్‌గా రాలేదు, పక్క సీట్లోకి వచ్చింది. 1973 మాంటే కార్లో ర్యాలీలో ఆమె ఒక స్నేహితుడికి నావిగేటర్.

ఎవరో నడిపే కారులో కూతురు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడం తండ్రికి నచ్చలేదు. నడిపేదేదో నువ్వే నడుపు అని ఆల్పైన్ ఏ110 కొనిచ్చాడు. గడువు ఒక్క ఏడాది. ఆ లోపు ఏమిటో తేలిపోవాలి. 1974 కోర్సికా ర్యాలీలో ఆమె 12వ స్థానంలో వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్ మహిళల టైటిల్, యూరప్ మహిళల టైటిల్ రెండూ తెచ్చుకుంది.

ఆ టైములు చూసి కొందరికి అనుమానం వచ్చింది: ఇంజిన్‌లో ఏదో మతలబు ఉంది, లేకపోతే ఈ అమ్మాయి ఇంత వేగంగా ఎలా నడుపుతుంది? అధికారులు ఇంజిన్ విప్పి చూశారు. అంతా రూలు ప్రకారమే ఉంది. ఈ ముక్క చెప్పగానే క్లాసులో అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లకు ఇంకేమీ వివరించనక్కర్లేదు.

1975లో లె మాన్స్ 24 గంటల రేసుకు వెళ్లింది. కారులో వంతులవారీగా నడిపిన ముగ్గురూ మహిళలే: మూతోన్, క్రిస్టీన్ దాక్రెమోన్, మరియాన్ హోఫ్నర్. రెండు లీటర్ల ఇంజిన్ కార్ల విభాగం (క్లాసు) గెలిచారు. వాన మొదలైనా మూతోన్ టైర్లు మార్చడానికి పిట్‌లోకి రాకుండా, గాడులు లేని స్లిక్స్ మీదే కొంతసేపు మిగతావాళ్లను దాటుకుంటూ పోయిందని ఆ రేసు గురించి అందరూ చెప్పుకుంటారు. తర్వాత ఫియట్ ఫ్రాన్స్ 131 అబార్త్ కారు ఇచ్చింది. అది బరువైన కారు, ఆమెకు అంతగా నచ్చిందీ కాదు. అయినా 1978లో టూర్ ద ఫ్రాన్స్ ఆటోమొబైల్ దానితోనే గెలిచింది. ఫియట్ రోజుల గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు. తారు రోడ్ల మీద నమ్మకంగా నడిపే డ్రైవర్ అన్న పేరు మాత్రం వచ్చింది.

ఆడి పిలుపు

1980లో ఆడి నుంచి ఫోన్ వచ్చింది. ఆ కంపెనీ క్వాట్రో అనే కారుతో 1981 నుంచి ప్రపంచ ర్యాలీల్లోకి దిగబోతోంది. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే కారు అది. 2.1 లీటర్ల ఐదు సిలిండర్ల ఇంజిన్, టర్బో. మొదటి సీటు ఫిన్లాండ్ డ్రైవర్ హన్ను మిక్కొలాది, రెండోది మూతోన్‌ది. అప్పటికి ఆమె అనుభవమంతా దాదాపు తారు మీదే. కంకర రోడ్ల మీద ప్రపంచ స్థాయిలో ఏమీ చేసి చూపించలేదు.

ఈ కారు గురించి కాస్త ఆగి చెప్పాలి. అది అర్థం కాకపోతే 1982 సగమే అర్థమవుతుంది. క్వాట్రో ఇంజిన్ ముందు ఇరుసు కంటే ఇంకా ముందుకు ఉంటుంది. హ్యాండిల్‌కి బియ్యం బస్తా కట్టుకుని సైకిల్ తిప్పినట్టు ఉంటుంది వ్యవహారం: స్టీరింగ్ తిప్పినా ముక్కు తిన్నగా పోతానంటుంది. పైగా ఆ కాలం టర్బో. యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే పవర్ రాదు, కాసేపాగి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దీనికి మందు ఎడమ కాలితో బ్రేక్. కుడి కాలు యాక్సిలరేటర్ మీది నుంచి తియ్యకుండా, ఎడమ కాలితో బ్రేక్ నొక్కి కారు వెనక భాగాన్ని ముందే పక్కకు తిప్పేస్తారు. టర్బో గాలి తగ్గదు, మలుపులోకి వెళ్లేసరికి ముక్కు బయటికి వెళ్లే దారి వైపు చూస్తుంటుంది. ఫిన్లాండ్, స్వీడన్ డ్రైవర్లకు ఇది చిన్నప్పటి నుంచీ అలవాటు. తారు రోడ్ల ఫ్రెంచ్ డ్రైవర్‌కి మాత్రం ముప్పై ఏళ్ల వయసులో కాళ్లకు కొత్తగా నేర్పాలి.

ఈ పద్ధతిలో నావిగేటర్‌కీ టెన్షనే. కారు మలుపు కంటే చాలా ముందే అడ్డం తిరుగుతుంది కాబట్టి నోటు కూడా అంత ముందే డ్రైవర్ చెవిలో పడాలి. ‘వంద, ఎడమ నాలుగు, దిబ్బ మీద కుడి మూడు’ (వంద మీటర్ల దూరం; మిగతా అంకెలు మలుపు ఎంత పదునైనదో చెబుతాయి) అన్నది ఒక్క క్షణం ఆలస్యమైతే ఎడమ కాలికి పని చెప్పే టైమే ఉండదు. 1981లో మూతోన్ పక్కన ఈ పని చెయ్యడానికి వచ్చింది ఇటలీకి చెందిన ఫాబ్రిజియా పోన్స్. ఆమె అంతకుముందు తానే ర్యాలీ డ్రైవర్. అంటే ఒకప్పటి నావిగేటర్ స్టీరింగ్ దగ్గర, ఒకప్పటి డ్రైవర్ నోట్స్ దగ్గర. అవతలి సీటు కష్టం ఇద్దరికీ తెలుసు. నా దృష్టిలో ఆ జంట బలానికి మూలం అదే.

1981 పోర్చుగల్‌లో నాలుగో స్థానం. అక్టోబర్‌లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచింది. వెంటపడింది ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ కాబోతున్న అరి వాటనెన్. ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీని ఒక మహిళ గెలవడం అదే మొదటిసారి.

1982: లెక్క

ఆ ఏడాది 12 ర్యాలీలు. మొదటి స్థానానికి 20 పాయింట్లు, తర్వాత వరసగా 15, 12, 10, 8, 6, 4, 3, 2, 1. డ్రైవర్‌కి వచ్చిన ఫలితాల్లో మంచివి ఏడు మాత్రమే లెక్కలోకి వస్తాయి, మిగతావి కొట్టేస్తారు. ఈ ఆఖరి నిబంధన దగ్గరే అసలు విషయం ఉంది.

మూతోన్ 11 ర్యాలీల్లో దిగింది. ఆడి వెళ్లని, కెన్యాలో జరిగే సఫారీ ర్యాలీ ఒక్కటే వదిలేసింది. స్వీడన్‌లో ఐదో స్థానం, 8 పాయింట్లు. పోర్చుగల్ గెలుపు, 20. కోర్సికా తారు రోడ్ల మీద ఏడో స్థానం, 4. గ్రీస్ ఆక్రోపోలిస్ గెలుపు, 20. బ్రెజిల్ గెలుపు, 20. సాన్‌రెమో నాలుగో స్థానం, 10. చివరగా బ్రిటన్ ఆర్‌ఏసీ ర్యాలీలో మిక్కొలా వెనక రెండో స్థానం, 15. కూడితే 97. మాంటే కార్లో, న్యూజిలాండ్, ఫిన్లాండ్, ఐవరీ కోస్ట్ నాలుగింటిలోనూ కారు ముగింపు చేరలేదు. లెక్కకు ఏడు ఫలితాలు కావాలి, ఆమె దగ్గర ఉన్నవి సరిగ్గా ఏడు. కొట్టెయ్యడానికి ఒక్కటీ లేదు. కోర్సికాలో వచ్చిన ఆ నాలుగు పాయింట్లనూ మొయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు రోర్ల్ కాగితం చూడండి. అతని కారు ఓపెల్ అస్కోనా 400. వెనక చక్రాలకే పవర్, టర్బో లేదు. కంకర మీద, మంచు మీద క్వాట్రోతో సరితూగేది కాదు. మాంటే కార్లో గెలిచాడు, 20. స్వీడన్ మూడో స్థానం, సఫారీ రెండు, కోర్సికా నాలుగు, ఆక్రోపోలిస్‌లో మూతోన్ వెనక రెండు, న్యూజిలాండ్ మూడు, బ్రెజిల్‌లో మళ్లీ ఆమె వెనకే రెండు, సాన్‌రెమో మూడు, ఐవరీ కోస్ట్ గెలుపు. మొత్తం తొమ్మిది ఫలితాలు, నాలుగో స్థానం కంటే కిందికి ఒక్కటీ లేదు. అన్నీ కలిపితే 131. అందులో ఒక 12, ఒక 10 కొట్టేస్తే 109.

కాబట్టి ‘మంచివి ఏడు’ నిబంధన మూతోన్‌కి అన్యాయం చేసిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ నిబంధన లేకపోతే తేడా 34 పాయింట్లు ఉండేది. దాన్ని 12కి దించింది ఆ నిబంధనే. నిలకడకు బదులు గెలుపులకు విలువ ఇచ్చే నిబంధన అది, అంటే అక్షరాలా ఆమె లాంటి డ్రైవర్ కోసమే రాసినట్టుంది. అయినా సరిపోలేదు, ఎందుకంటే ఏడు గడులు నిండటమే కష్టమైంది.

ముగింపు చేరని ఆ నాలుగూ ఒకే రకం కావు. మాంటే కార్లోలో మంచు మీద జారి గోడను గుద్దింది. దాన్ని డ్రైవర్ ఖాతాలో వెయ్యక తప్పదు. న్యూజిలాండ్‌లో కారు యంత్రం చెడింది. దానికి ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆడి ఇంజినీర్లు కొత్త టెక్నాలజీని ర్యాలీల్లోనే పరీక్షించుకుంటున్న రోజులవి. వేగం వాళ్లు ముందే ఇచ్చారు, మన్నిక తర్వాత వచ్చింది. ఆమె మూడు గెలుపులూ ఆ కారు వల్లే అనేవాళ్లు, కారు దారిలో ఆగిపోయిన లెక్క కూడా పక్కన రాసుకోవాలి. అదే ఆడి తయారీదారుల టైటిల్ మాత్రం ఆ ఏడాది గెలిచింది, ఓపెల్ మీద 116–104 తేడాతో. ఆ కప్పులో మూతోన్ మూడు గెలుపుల వాటా చిన్నది కాదు.

ఐవరీ కోస్ట్

చివరి నుంచి రెండో ర్యాలీ ఇది. పశ్చిమ ఆఫ్రికాలో, వేల కిలోమీటర్ల ఎర్రమట్టి రోడ్ల మీద, సఫారీ తరహాలో నడిచేది. యూరప్‌లో లాగా పోటీ కోసం మూసేసిన రోడ్డు ముక్కలు, అంటే స్పెషల్ స్టేజీలు ఉండవు. జనం, లారీలు, పశువులు తిరిగే రోడ్డు మీదే ఒక కంట్రోల్ (టైము నమోదు చేసే చోటు) నుంచి ఇంకో కంట్రోల్‌కి గడియారంతో పోటీ. నావిగేటర్‌కి ఇది వేరే ఉద్యోగం. ఇరవై కిలోమీటర్ల స్టేజీకి మలుపు మలుపునా నోట్స్ రాసుకోవచ్చు. ఇంత దూరానికి అలా కుదరదు. రోడ్ బుక్ (దారి వివరాల పుస్తకం), ట్రిప్ మీటర్, ముఖ్యమైన ప్రమాదాల గుర్తులే ఆధారం. మిగతాది డ్రైవర్ కళ్లే చూసుకోవాలి.

ప్రారంభానికి కాస్త ముందు మూతోన్ తండ్రి క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆమె పోటీ చెయ్యాలన్నదే ఆయన కోరిక అని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆమె బయల్దేరింది.

స్కోరు అప్పుడు రోర్ల్ 101, మూతోన్ 82. కానీ రోర్ల్ ఏడు గడులూ నిండిపోయాయి. ఇక్కడ రెండో స్థానంలో వచ్చినా పాత 12 ఒకటి పోయి 15 చేరుతుంది, అంటే అతనికి మూడు పాయింట్లే లాభం. మూతోన్‌కి ఇంకా ఒక గడి ఖాళీ. గెలిస్తే 20కి 20 చేరతాయి. 104–102 అయ్యేది, ఆపైన ఆర్‌ఏసీ ర్యాలీ మిగిలి ఉండేది. ఈ అమరిక తెలియనివాళ్లకు 19 పాయింట్ల వెనకబాటు కొండలా కనిపిస్తుంది.

ర్యాలీలో ఆమె వేగం తిరుగులేనిది. ఒక దశలో రోర్ల్ మీద ఆధిక్యం గంటకు పైగా ఉంది. మామూలు ర్యాలీల్లో సెకన్లలో లెక్కపెట్టుకునే మనుషులం, గంట అంటే ఊహించుకోవడం కష్టం. తర్వాత గేర్‌బాక్స్ ఇబ్బంది మొదలైంది. దాన్ని మార్చేసరికి కూడబెట్టుకున్న ఆధిక్యంలో చాలా భాగం హరించుకుపోయింది. రోర్ల్ దగ్గరికొచ్చేశాడు. ఆఖరి దశలో పొగమంచులో మూతోన్ కారు రోడ్డు తప్పి బోల్తా పడింది. కాస్త దూరం లాక్కొచ్చారు, ఇక కదల్లేదు. ర్యాలీ రోర్ల్ గెలిచాడు, దాంతో పాటే ప్రపంచ టైటిల్ కూడా.

పొగమంచు సంగతి నేను చెప్పగలను. అద్దం ముందు తెల్లటి గోడ ఉన్నప్పుడు డ్రైవర్ వేగం కళ్ల మీద ఆధారపడదు, చెవుల మీద ఆధారపడుతుంది. స్టేజ్ ర్యాలీలో నోట్స్ నమ్మకమైనవైతే మంచి జంట పొగమంచులో కూడా మిగతావాళ్ల మీద నిమిషాల ఆధిక్యం తెచ్చుకుంటుంది. ఐవరీ కోస్ట్‌లో ఆ చెవుల ఆధారమే సగం లేదు. ఎక్కడో ఒక మలుపు రోడ్ బుక్‌లో ఉంటుంది, ట్రిప్ మీటర్ అంకె ప్రకారం అది వచ్చే వేళకు ఎదురుగా ఏమీ కనిపించదు. అలాంటప్పుడు కాలు తియ్యాలి. కానీ గంట ఆధిక్యం చేతిలోంచి జారిపోయి, వెనకాల టైటిల్ ప్రత్యర్థి తరుముతుంటే, కాలు తీద్దామని పక్క సీటు నుంచి అనడం కాగితం మీద రాసుకున్నంత తేలిక కాదు. క్లాసులో చాలామంది ‘తండ్రి పోయిన బాధలో తప్పు చేసింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ బాధలోనే ఆమె రోర్ల్ కంటే గంట ముందుకు వెళ్లింది కదా! నన్నడిగితే అసలు ప్రమాదం గేర్‌బాక్స్ మార్చిన సర్వీసు దగ్గరే మొదలైంది. అక్కడ పోయిన నిమిషాలే పొగమంచులో తొందరపాటుగా మారాయి.

ఐవరీ కోస్ట్ గెలిచి, తర్వాత నిజంగా జరిగినట్టే ఆర్‌ఏసీలో రెండో స్థానం వచ్చి ఉంటే? ఎనిమిది ఫలితాల్లో కోర్సికా 4 పోయేది, మొత్తం 113. రోర్ల్ 104. అయితే ఇందులో ఒక చిక్కుంది. టైటిల్ తేలకుండా ఉంటే ఆర్‌ఏసీ అదే ర్యాలీ అయ్యేది కాదు. అయిపోయిన పోటీలో నిశ్చింతగా నడపడం వేరు, రెండు పాయింట్ల వెనక ఉండి నడపడం వేరు. అందుకని ఈ 113ను బోర్డు మీద రాసి, పక్కన ప్రశ్నార్థకం పెడతాను.

ఆ తర్వాత

1983లో పోర్చుగల్ రెండో స్థానం, సఫారీ, అర్జెంటీనాల్లో మూడో స్థానాలు, ఏడాది చివరికి ఐదో ర్యాంకు. 1984లో ఆడి రోర్ల్‌నే తీసుకొచ్చింది. మిక్కొలా, స్వీడన్ డ్రైవర్ బ్లోమ్‌క్విస్ట్ అప్పటికే ఉన్నారు. నలుగురిలో ఎవరికి ర్యాలీలు తగ్గాయో ఊహించడం కష్టం కాదు. స్వీడన్‌లో రెండో స్థానం తెచ్చిన ఏడాదిలోనే మూతోన్ కార్యక్రమం కొన్ని ర్యాలీలకు కుదించుకుపోయింది.

ఆ ఖాళీలో ఆడి ఆమెను అమెరికాలోని పైక్స్ పీక్ కొండ రేసుకు పంపింది. 156 మలుపులు, దాదాపు 20 కిలోమీటర్లు, శిఖరం 4,300 మీటర్ల ఎత్తున. అప్పట్లో రోడ్డంతా కంకరే, అంచున గోడ ఉండదు. 1984లో పోన్స్‌తో కలిసి వెళ్లి క్లాసు గెలిచింది. 1985లో ఒంటరిగా ఎక్కి 11 నిమిషాల 25.39 సెకన్లలో మొత్తం రేసునే గెలిచి కొత్త రికార్డు పెట్టింది. మరుసటి ఏడాది ఆ రికార్డును బాబీ అన్సర్ తిరగరాశాడు, అతనూ ఆడి కారులోనే.

1986లో పెజో 205 టర్బో 16తో జర్మనీ జాతీయ చాంపియన్‌షిప్ గెలిచింది. అంత పెద్ద దేశపు ర్యాలీ టైటిల్ ఒక మహిళకు దక్కడం అదే మొదలు. ఆ ఏడాదే మే 2న కోర్సికా ర్యాలీలో హెన్రి తోయివొనెన్, నావిగేటర్ సెర్జియో క్రెస్టో కారు మంటల్లో చనిపోయారు. దాంతో ఆ భారీ పవర్ ఉన్న కార్ల తరగతిని, గ్రూప్ బిని, నిషేధించారు. సీజన్ ముగిశాక మూతోన్ కూడా ర్యాలీల నుంచి తప్పుకుంది. 1988లో తోయివొనెన్ జ్ఞాపకార్థం ఫ్రెడ్రిక్ జాన్సన్‌తో కలిసి రేస్ ఆఫ్ చాంపియన్స్ మొదలుపెట్టింది. 2010లో మోటార్ స్పోర్ట్ ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ మహిళల కమిషన్‌కి తొలి అధ్యక్షురాలైంది. తర్వాత ప్రపంచ ర్యాలీల భద్రత పనులూ చూసింది.

పోన్స్ నోట్స్ పుస్తకం అంత తొందరగా మూయలేదు. 1997 మాంటే కార్లో ర్యాలీ పియెరో లియాట్టి పక్కన కూర్చుని సుబారులో గెలిచింది. మూతోన్‌కి ఎప్పుడూ దక్కని ర్యాలీ అది. అదే మాంటే కార్లోను 2022లో సెబాస్టియన్ లోబ్ పక్కన కూర్చుని ఇంకో మహిళా నావిగేటర్ గెలిచింది, ఇసబెల్ గాల్మిష్, ఫ్రాన్స్‌లో లెక్కల టీచర్. స్టీరింగ్ పట్టి ప్రపంచ ర్యాలీ గెలిచిన మహిళల జాబితాలో మాత్రం ఇప్పటికీ మూతోన్ పేరు ఒక్కటే ఉంది, నాలుగు గెలుపులతో.